లేట్ రాజం కొడుకు

మా ఇంట్లో ఇద్దరు పిల్లలం. నాకు తండ్రి సదయ్య, మా తమ్ముడు కిషన్‌కు తండ్రి రాజం. ఆ ఇద్దరూ ఒక్క మనిషే. వింటే ఎవరికైనా నవ్వొస్తుంది, మాకూ చాలా ఏళ్ళు నవ్వే వచ్చింది. రెండు వేల ఏడు ఎండాకాలం దాకా అది మా ఇంట్లో పండగకూ పబ్బానికీ చెప్పుకునే హాస్యం.

మా బాపు అసలు పేరు రాజం. ఆయన అన్న సదయ్య. బొగ్గుబాయిలో కొలువుకు రమ్మని కాగితం వచ్చింది సదయ్యకు. ఆయన ఒక్క పూట కిందికి దిగి పైకొచ్చి, "గా చీకట్ల నేను బతుకలేనే" అని వాళ్ళమ్మకు చెప్పి భీవండి బట్టల మిల్లుకు పోయాడు. అక్కడే ఏదో జ్వరమొచ్చి చచ్చిపోయాడు. కొలువు కాగితం మాత్రం ఇంట్లోనే ఉంది. ఆ రోజుల్లో దాని మీద ఫోటో లేదు. వచ్చిన కొలువును పొయ్యిలో పెట్టుకుంటారా ఎవరైనా? ఇరవై ఏళ్ళ రాజం ఆ కాగితం పట్టుకుని పోయి సదయ్య అయ్యాడు. గోదావరిఖనిలో ఇట్లా మారుపేరుతో బాయి దిగినవాళ్ళు వాడకు ఇద్దరు ముగ్గురు ఉంటారు. మొదటి వారం హాజరులో "సదయ్యా" అని పిలిస్తే బాపు పలకలేదట. తనను కాదనుకుని దిక్కులు చూస్తూ నిలబడ్డాడట. ఆ రోజు డ్యూటీ పోయింది.

నేను కంపెనీ క్వార్టర్‌లో పుట్టాను కాబట్టి బడిలో బాపే చేర్చాడు, సదయ్య కూతురు సంధ్యారాణి అని. కిషన్ మాత్రం ఐదో తరగతి దాకా ఊళ్ళో తాత దగ్గర పెరిగాడు. తాత మొండిఘటం. "నా కొడుకు సల్లగ బతికుండంగ ఇంకోని పేరెందుకు పెట్టాలె" అని రాజం కొడుకుగానే రాయించాడు. పదో తరగతి మెమో దాకా వాడి వెంట అదే పేరు వచ్చింది. ఒక్క కడుపున పుట్టి, కాగితాల మీద మేం పెద్దనాయన బిడ్డా, చిన్ననాయన కొడుకూ అయ్యాం.

ఆ ఏడు మార్చి చివర జీపుకు మైకు కట్టుకుని వచ్చారు. లైసెన్స్ మేళా అట. పద్దెనిమిది నుంచి ఇరవై ఒకటి లోపు పిల్లలందరికీ ఉచితంగా డ్రైవింగ్ లైసెన్స్. ఆఫీసుల చుట్టూ తిరిగే పని లేదు, గ్రౌండ్‌లో టెంటు వేసి అక్కడే తీసుకుంటారు. ఒకటే షరతు. లైసెన్స్ ఫారంతో పాటు రెండో కాగితం కూడా నింపాలి. మిలిటరీ సెలెక్షన్‌కు పేరు ఇస్తున్నాను అని. ఎంపిక రోజు గ్రౌండ్‌కు వచ్చి ఉరికినవాళ్ళకే లైసెన్స్ చేతికిస్తారు. ఈ బెల్టులో పిల్లలు పనిలేక అడవిబాట పడుతున్నారని, వాళ్ళను దారిలో పెట్టడానికి ఒక పెద్ద సారుకు వచ్చిన ఆలోచన అది.

మా అమ్మ కనకవ్వ. మేం అవ్వ అంటాం. ఆమె చాటలో బియ్యం చెరుగుతూ మైకు మాట మొత్తం విని, "బండికి కాగితం అడిగితె బందూకు కాగితం గుడ అంటవెడుతుండ్రు. బాగనే ఉన్నది బేరం" అంది.

కిషన్‌కు పంతొమ్మిది. ఇంటర్‌లో ఒక సబ్జెక్టు తప్పి ఇంట్లో ఉన్నాడు. బాయిలో తండ్రి కొలువు కొడుక్కు ఇచ్చే రోజులు పోయాయి. వాడికి ఆటో నడపాలని ఒక్కటే పట్టు. గోదావరిఖని నుంచి బసంత్‌నగర్ దాకా షిఫ్టు వేళల్లో ఆటోలు ఎట్లా నిండుతాయో లెక్క కట్టి చెప్పేవాడు.

"మిలిటరీకి పోతవారా?" అని బాపు అడిగాడు.

"ఎవలు పోతరు బాపు. ఒక్కరోజు ఉరికొస్త. లైసెన్స్ ఇస్తరు. గంతే."

బాపు నా వైపు చూశాడు. "సంధ్యా, నువ్వే రాయి బిడ్డా. నీ చెయ్యి మంచిది."

నా చెయ్యి మంచిదని నాకూ గర్వమే. డిగ్రీ అయ్యాక చౌరస్తాలో నాగేశ్వరిగారి జిరాక్స్ సెంటర్‌లో పని చేసేదాన్ని. ఆమెది గుంటూరు వైపు, భర్త ఇక్కడ సిమెంటు ఫ్యాక్టరీలో గుమస్తా. అప్లికేషన్లు నింపించుకోవడానికి జనం నా ముందు వరుస కట్టేవాళ్ళు. మేళా పెట్టాక ఆ వరుస వీధిలోకి పోయింది. పొద్దున్నించి సాయంత్రం దాకా పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు. ఫ్యాను గాలికి కాగితాలు ఎగరకుండా మోచేతులు రెండూ బల్ల మీద పెట్టి రాసేదాన్ని. మా తమ్ముడి ఫారం కూడా ఆ గుంపులోనే నింపి, సంతకం పెట్టించి, మిగతావాటితో కలిపి టెంటుకు పంపాను.

మరుసటి రోజు మధ్యాహ్నం నాగేశ్వరిగారు మా దగ్గర ఉంచుకున్న నకళ్ళు సర్దుతూ ఆగిపోయారు.

"ఏమ్మాయ్ సంధ్యా, ఇది మీ తమ్ముడిదే కదూ?"

"అవునండీ."

"ఒక్క పిల్లాడికి ఇద్దరు నాన్నలేంటే?"

కాగితం లాక్కుని చూశాను. మొదటి కాగితంలో అడ్రసు కోసం క్వార్టర్ కాగితం పెట్టాం. అది సదయ్య పేరు మీద ఉంటుంది. దాన్ని చూసి తండ్రి సదయ్య అని రాశాను. రెండోది పదో తరగతి మెమో చూసి నింపాలి. దాన్ని చూసి తండ్రి రాజం అని రాశాను. రెండు కాగితాలకూ మధ్యలో గుండుసూది. నా ముత్యాల్లాంటి అక్షరాలు. మా ఇంట్లో ఇరవై ఏళ్ళుగా రెండూ నిజమే కాబట్టి నా చేతికి తేడా తెలియలేదు. ఇంకే ఇంటి పిల్ల అయినా ఆ తప్పు చేసేది కాదు.

"ఇచ్చేశావా?"

"ఇచ్చేశానండీ."

ఆమె కుర్చీ నా వైపు జరిపి గొంతు తగ్గించారు. "లైసెన్సు ఒక్కటే అయితే ఎవడూ చూడడు. మిలటరీ అంటే ఇంటికొచ్చి ఎంక్వయిరీ చేస్తారమ్మా. మా మేనల్లుడికి చేశారు. తండ్రి ఎక్కడ పని చేస్తాడు, ఏ ఊరు, అన్నీ అడిగారు. పని చేసే చోటికి కూడా వెళ్ళారు."

నేను టెంటుకు ఉరికాను. అక్కడ కూర్చున్నాయన కాగితాలు అప్పుడే పైకి పోయాయన్నాడు. పేరు తీసేయించుకోవాలంటే ఎందుకో కారణం రాసి, తండ్రి సంతకం చేయించి తెమ్మన్నాడు. ఏ తండ్రి సంతకం?

బాపు మొదటి షిఫ్టు దిగి ఇంటికి వచ్చి, స్నానం చేసి, గడపలో కూర్చుని చాయ్ తాగుతున్నప్పుడు చెప్పాను. గనిలో పైకప్పు కూలకుండా చెక్క దిమ్మెలు నిలబెట్టే పని ఆయనది. చెవి పెట్టి వింటే కప్పు ఎప్పుడు జారుతుందో తెలుస్తుందంటారు. నా మాటలు కూడా అట్లాగే విన్నాడు, తల కొంచెం పక్కకు వంచి.

"ఎన్ని రోజులకు వస్తరట?"

"తెల్వది బాపు."

"బిక్షం సంగతి యాదికున్నదా?"

ఎందుకు లేదు. బిక్షం పక్క బాయిలో పని చేసేవాడు. ఆయనదీ మారుపేరే. ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాస్తే ఎంక్వయిరీ అయ్యి కొలువు పోయింది, క్వార్టర్ పోయింది. ఇప్పుడు బస్టాండ్ దగ్గర అరటిపండ్లు అమ్ముతాడు. కాగితం మీది సదయ్య వయసు లెక్కన బాపుకు ఇంకా మూడేళ్ళు ఉంది రిటైర్ కావడానికి. ఇరవై ఏడేళ్ళు చీకట్లో చేసిన పని, ఒక్క గుండుసూది కింద ఉంది.

అవ్వ వంటింట్లోంచి వచ్చింది. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. "సదువుకున్నదానివి" అని ఒక్క మాట అని లోపలికి పోయింది. ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం మానేసింది. అన్నం పెట్టేది, నీళ్ళు తోడేది. నోరు మాత్రం తెరిచేది కాదు.

కిషన్ గోడకు ఒరిగి నిలబడ్డాడు. "తాత నన్ను గూడ సదయ్య కొడుకని రాయిస్తె అయిపోతుండె."

"తాతను అనకురా" అన్నాడు బాపు. "ఒక్కనికన్న నా పేరు ఉండాలెనని రాయించిండు."

ఏప్రిల్ అంతా ఎదురుచూడటంతోనే పోయింది. ఆ ఏడు ఎండ ఎట్లా కాసిందంటే రేకుల మీద కాకి కూడా వాలలేదు. ఓపెన్‌కాస్టు గనిలో మధ్యాహ్నం బ్లాస్టింగ్ చేస్తే ఇంట్లో గిన్నెలు గలగలమనేవి. ఇదివరకు ఎవరం పట్టించుకునేవాళ్ళం కాదు. ఇప్పుడు ప్రతి చప్పుడుకూ అందరం వాకిలి వైపు చూసేవాళ్ళం. వీధిలో మోటార్‌సైకిల్ ఆగితే చాలు, బాపు చేతిలో ముద్ద చేతిలోనే ఉండేది. గోరంత పనికి కొండంత ముప్పు తెచ్చానని నన్ను నేను తిట్టుకోని రోజు లేదు.

మే మొదటి వారంలో ఎంక్వయిరీకి వచ్చాడు. నడివయసు పోలీసు జమాదారు, పేరు రఘుపతి అని చెప్పాడు. చెమటకు చొక్కా వీపుకు అంటుకుపోయింది. బాపు రాత్రి షిఫ్టు చేసి వచ్చి నిద్రపోతున్నాడు. అవ్వ లోపలికి పోయి లేపింది. లుంగీ, బనీనుతో వచ్చి నమస్కారం పెట్టాడు బాపు. కళ్ళ చుట్టూ బొగ్గు, ఎంత కడిగినా పోని కాటుకలా.

నేను మంచినీళ్ళు ఇచ్చాను. ఆయన తాగి, సంచిలోంచి కాగితాలు తీశాడు. దూరం నుంచే నా చేతిరాత గుర్తుపట్టాను.

"కిషన్ ఎవలు?"

"నేనే సార్."

"మీ నాయిన పేరేంది?"

కిషన్ బాపు వైపు చూశాడు. నేను నేల చూశాను. నాలుగు వారాలు అదే మాట మీద తలలు బద్దలు కొట్టుకున్నాం గానీ ఎవరికీ ఏ జవాబూ తోచలేదు. సదయ్య అంటే మెమో అబద్ధమవుతుంది. రాజం అంటే ఈ ఇల్లు ఎవరిదని అడుగుతారు.

"వీడు మా తమ్ముని కొడుకు సారూ" అన్నాడు బాపు.

మామూలుగానే అన్నాడు, బయట ఎండ ఎక్కువుంది అన్నట్టు.

"మా తమ్ముని పేరు రాజం. నేను సదయ్యను. బాయిల పని జేస్త. పిలగాడు నా దగ్గర్నే పెరిగిండు. అందుకే ఒక్కకాడ నా పేరు రాసిండ్రు."

"మీ తమ్ముడు ఏం జేస్తడు?"

"లేడు సారూ. సచ్చిపోయిండు."

"ఎప్పుడు?"

"శాన ఏండ్లాయె. భీవండిల జరమొచ్చి."

అన్న చావును తెచ్చి తన పేరుకు పెట్టుకున్నాడు. కిషన్ నోరు తెరవబోయాడు. బాపు వాడి వైపు చూడకుండానే చెయ్యి కొంచెం ఎత్తాడు, ఆగమన్నట్టు.

జమాదారు తల తిప్పి అవ్వను చూశాడు. నుదుట ఇంత బొట్టు, కాళ్ళకు మెట్టెలు, మెడలో పుస్తెలు. "వీని తల్లి?"

అవ్వ తలుపు పట్టుకుని నిలబడింది. ఆమె ముఖం చూడటానికి నాకు ధైర్యం చాలలేదు.

"అది గుడ పొయ్యింది సారు" అంది. "నేను పెద్దవ్వను." కన్న కొడుక్కు పెద్దమ్మ అయింది.

జమాదారు కిషన్‌ను చూశాడు, బాపును చూశాడు. ఇద్దరికీ ఒకే ముక్కు, ఎడమ కనుబొమ్మలో ఒకే చోట సుడి. గుడ్డివాడు కూడా చేత్తో తడిమి చెప్పగలడు.

"పెద్దనాయిన పోలికె బాగనే వచ్చింది" అన్నాడు చివరికి. ఆయన అన్నీ తెలిసి అన్నాడో, ఊరికే అన్నాడో ఈనాటికీ నాకు తెలియదు. మంచి మనిషి అనే అనుకుంటాను. "అయితె గిట్ల రాస్తె నడువది. రెండు దిక్కులా రాజం అనే ఉండాలె. ముంగట లేట్ అని పెట్టాలె. ఎవలు రాసిండ్రు ఇది?"

"నేనే సార్."

"నువ్వే సక్కగ జెయ్యమ్మా. రాత ఒక్క తీరుగ ఉండాలె." పెన్ను నా చేతికిచ్చాడు.

పీట మీద కాగితాలు పెట్టుకున్నాను. మొదటి కాగితంలో సదయ్య కొట్టేసి పైన రాజం అని రాశాను. తరువాత రెండు చోట్లా ముందు లేట్ అని పెట్టాను. ఇంగ్లీషులో నాలుగే అక్షరాలు. బాపు నా పక్కనే నిలబడి ఉన్నాడు, ఆయన పాదాలు నాకు కనిపిస్తున్నాయి. అక్షరం వంకర పోకుండా రాశాను. వంకర పోతే అనుమానం వస్తుందని భయం. అంత శుభ్రంగా రాసినందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

జమాదారు పోయాక అవ్వ లోపలికి పోయి, ముఖం కడుక్కుని, అద్దం ముందు నిలబడి ఉన్న బొట్టు మీదనే మళ్ళీ బొట్టు పెట్టుకుంది. తరువాత కంచాలు పెట్టింది. బాపు కూర్చుని, కంచంలోకి చూసి, "సచ్చినోనికి గుడ ఆకలైతదే. జర పప్పు ఎక్కువ ఎయ్యి" అన్నాడు.

నవ్వించాలనే అన్నాడు. అవ్వ గంటె చేతిలో పట్టుకుని భోరున ఏడ్చింది. కిషన్ తినకుండా లేచి బయటికి పోయాడు. బాపు ఒక్కడే కూర్చుని కంచం ఖాళీ చేసి, చెయ్యి కడుక్కుని, షిఫ్టు ఉంది కాబట్టి మళ్ళీ పోయి పడుకున్నాడు.

మే నెల చివర ఎంపిక పెట్టారు. తెల్లవారుజామునే గ్రౌండ్ చుట్టూ జనం. బాపు వస్తానన్నాడు గానీ కిషన్ వద్దన్నాడు. నేనొక్కదాన్నే తోడు పోయాను. సున్నం గీతల మధ్య పిల్లలు నిక్కర్లతో నిలబడ్డారు. వాళ్ళలో నేను ఫారం నింపినవాళ్ళే సగం మంది.

మైకులో పేర్లు చదువుతున్నారు. "కిషన్, సన్నాఫ్ లేట్ రాజం."

వాడు కదల్లేదు.

"కిషన్! సన్నాఫ్ లేట్ రాజం!"

దిక్కులు చూస్తూ నిలబడ్డాడు. ఎవరో పక్కవాడు భుజం మీద తడితే అప్పుడు చెయ్యెత్తాడు. తాడు బయట నిలబడిన నాకు బాపు మొదటి వారం హాజరు గుర్తొచ్చింది.

మా తమ్ముడు మంచి ఉరుకుడుగాడు. బడిలో వాడిని దాటినవాడు లేడు. మూడు చుట్లు ముందే ఉన్నాడు. నాలుగో చుట్టులో ఊరికే నడవడం మొదలుపెట్టాడు. అందరూ దాటిపోతుంటే పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు. ఆయాసం వచ్చి ఆగాడా, కావాలని ఆగాడా అని నేను అడగలేదు, వాడు చెప్పలేదు. గెలిచినా ఓడినా వచ్చి ఉరికినందుకు మాట ప్రకారం లైసెన్స్ ఇచ్చారు. ప్లాస్టిక్ కవరులో కొత్త కార్డు. వాడి ఫోటో, పుట్టిన తేదీ, దాని కింద తండ్రి పేరు, లేట్‌తో సహా. వాడు ఒక్కసారి చూసి జేబులో పెట్టుకున్నాడు.

అనుకున్నదంతా జరిగింది. లైసెన్స్ వచ్చింది, కొలువు నిలబడింది. బాపు ఆ తరువాత మూడేళ్ళు చేసి సదయ్యగానే రిటైర్ అయ్యాడు. దండలు వేశారు, శాలువా కప్పారు, సదయ్య మంచితనం గురించి యూనియన్ వాళ్ళు మాట్లాడారు. అదంతా తరువాతి మాట.

జూన్‌లో మిరుగు, అదే మృగశిర కార్తె, వచ్చింది. మిరుగు రోజు మా వైపు చేప తినని ఇల్లు ఉండదు. ముందు రోజు సాయంత్రం వాన పడి దుమ్ము అణిగింది. కిషన్ అంతకు రెండు రోజుల ముందే ఒక ఆటో కిరాయికి తీసుకున్నాడు. చేపల మార్కెట్‌కు మమ్మల్ని దాంట్లోనే తీసుకుపోతానన్నాడు. బాపు ముందు సీట్లో వాడి పక్కన ఇరికి కూర్చున్నాడు. అవ్వా నేనూ వెనక కూర్చున్నాం, మధ్యలో ఖాళీ సంచి. అవ్వ ఇంకా నాతో మాట్లాడటం లేదు.

చౌరస్తా దగ్గర ట్రాఫిక్ కానిస్టేబుల్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"లైసెన్స్ తియ్యి."

కిషన్ వేసుకున్నది పలచటి తెల్ల చొక్కా. జేబులో కార్డు అంచు నాకు వెనక నుంచే కనిపిస్తోంది. వాడి చెయ్యి జేబు దాకా పోయి ఆగింది.

"లేదు సార్."

"లేదా? లేకుంట ఎట్ల నడుపుతున్నవ్?"

"లేదు సార్. ఫైన్ రాయుండ్రి."

కానిస్టేబుల్ నాలుగు మాటలు తిట్టి చీటీ రాసిచ్చాడు. కిషన్ ఎదురు మాట్లాడకుండా కట్టి, చీటీ మడిచి అదే జేబులో, కార్డు పక్కనే పెట్టుకున్నాడు. ఆటో కదిలింది. గడియారం స్తంభం దాటాం.

"జేబులనే ఉన్నది గదరా" అన్నాడు బాపు. "లేదని ఎందుకన్నవ్?"

కిషన్ రోడ్డు మీద నుంచి చూపు తిప్పలేదు.

"దాంట్ల నువ్వు లేవు బాపు."

బాపు వాడి భుజం మీద చెయ్యి వేసి మార్కెట్ దాకా తీయలేదు. వెనక సీట్లో అవ్వ మా మధ్య ఉన్న సంచి తీసి ఒళ్ళో పెట్టుకుని నా వైపు జరిగింది.

"సంధ్యా" అంది. "రవ్వులు కొందామా, బొచ్చెలు కొందామా?"